ముక్కు చుక్కలుగా ఇచ్చే కోరింత దగ్గు టీకా: చిట్టెలుకల ఊపిరితిత్తుల్లో సున్నా వస్తే పనిచేసినట్టేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీది చిత్తూరు, తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తున్నారు. కోరింత దగ్గుకు ముక్కు చుక్కల టీకా ఒకటి తయారుచేసి చిట్టెలుకల్లో పరీక్షించబోతున్నారు. టీకా ఇచ్చాక బ్యాక్టీరియాను ఎక్కించి, ఏడో రోజున ఊపిరితిత్తుల్లో ఎన్ని మిగిలాయో చూస్తారు. అక్కడ సున్నా వస్తే టీకా పనిచేసిందని థీసిస్‌లో రాయొచ్చా, లేక బబూన్ కోతుల్లో చేస్తే తప్ప ఎవరూ ఒప్పుకోరా అన్నది మీ టెన్షన్. పోల్చడానికి ఏ టీకా పెట్టాలని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. మీరున్న దశకు చిట్టెలుకలు చాలు. ఊపిరితిత్తుల్లో సున్నా మాత్రం చాలదు. ముక్కులో ఎన్ని ఉన్నాయి, ఎన్నాళ్లు ఉన్నాయి అన్నది లెక్కపెట్టకపోతే ముక్కు టీకాను పరీక్షించనట్టే. బబూన్లు మీకు అక్కర్లేదు. కానీ బబూన్లు చెప్పిన సంగతి ఏమిటో తెలియకుండా చిట్టెలుకల ప్రయోగం డిజైన్ చేయకండి.

నేను పశువైద్యం చదివి మైక్రోబయాలజీలో స్థిరపడ్డవాణ్ణి. తిరుపతిలోనే చాలా ఏళ్లుగా బోర్డెటెల్లా జాతి బ్యాక్టీరియాతో పనిచేస్తున్నాను. కుక్కలకు దగ్గు తెచ్చే బ్రాంకిసెప్టికాతో ఎక్కువ, మీరు పట్టుకున్న, కోరింత దగ్గు తెచ్చే పెర్టుసిస్‌తో కొంత. చేతికి తెలిసినంత వరకే రాస్తాను.

అసలు ముక్కు టీకా ఎందుకు కావాల్సి వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకోండి. సూదితో ఇచ్చే కోరింత దగ్గు టీకాలు రెండు రకాలు. ఒకటి బ్యాక్టీరియాను చంపి మొత్తంగా వాడే హోల్ సెల్ టీకా. రెండోది విషపదార్థాన్ని నిర్వీర్యం చేసి, దానికి పెర్టాక్టిన్ వంటి కొన్ని ప్రొటీన్లు కలిపిన ఏసెల్యులార్ టీకా. జపాన్ 1981లో ఈ రెండో రకానికి మారింది, అమెరికా 1990లలో మారింది. జ్వరం, సూది వేసిన చోట వాపు తగ్గాయి. కానీ కొన్నేళ్లకు ఆ దేశాల్లో పెద్ద పిల్లల్లో, కౌమార వయసు వాళ్లలో జబ్బు మళ్లీ కనిపించడం మొదలైంది.

దీని వెనక ఏముందో బబూన్లలో చూపించారు. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు చేసిన ఆ పని 2014లో పీఎన్ఏఎస్ పత్రికలో వచ్చింది. పిల్ల బబూన్లకు 2, 4, 6 నెలల వయసులో టీకాలు వేసి, 7 నెలలకు బ్యాక్టీరియాను ఎక్కించారు. ఏసెల్యులార్ టీకా పడినవి జబ్బు పడలేదు, హాయిగా తిరిగాయి. కానీ వాటి ముక్కు, గొంతుల్లో బ్యాక్టీరియా వారాల తరబడి ఉంది, టీకా పడని వాటిలో ఉన్నంత కాలమూ ఉంది. పైగా తమతో కలిపి ఉంచిన టీకా లేని పిల్ల బబూన్లకు అంటించాయి కూడా. హోల్ సెల్ టీకా పడినవి అంతకంటే త్వరగా, దాదాపు 18 రోజుల్లో వదిలించుకున్నాయి. ముందే ఒకసారి జబ్బు చేసి తేరుకున్న వాటిలో బ్యాక్టీరియా అసలు నిలవనే లేదు.

ఈ ఫలితాన్ని మీ ప్రయోగం పక్కన పెట్టి చూడండి. ఏసెల్యులార్ టీకాను సూదితో ఇచ్చినా చిట్టెలుక ఊపిరితిత్తులు ఏడో రోజుకు చాలావరకు శుభ్రపడతాయి. అంటే ఊపిరితిత్తుల సున్నా అన్నది పాత టీకా కూడా గెలిచే పరీక్ష. అందులో మీ ముక్కు చుక్కలు కూడా గెలిస్తే కొత్తగా తేలిందేమీ లేదు. పాత టీకా ఓడిపోయేది ముక్కు దగ్గర. మీ టీకా నిలబడాల్సిందీ అక్కడే.

ఇది పేపరు కోసం చెప్తున్న మాట కాదు. మన దగ్గర కోరింత దగ్గు టీకా కలిసి ఉండే పెంటావాలెంట్ మొదటి డోసు 6 వారాలకు పడుతుంది, తర్వాత 10, 14 వారాలకు. ఆ 6 వారాలూ పసిబిడ్డకు సొంత రక్షణ ఏదీ ఉండదు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఎన్ని ఉంటే అన్ని. కోరింత దగ్గుతో ప్రాణం మీదకు వచ్చేది ఆ వయసులోనే, చాలాసార్లు దగ్గు కూడా రాకుండా ఊపిరి ఆగిపోతుంది. ఆ బిడ్డకు అంటించేది ఇంట్లో వాళ్లే, మామూలు జలుబనుకుని ఎత్తుకుని ముద్దాడే అన్నో అక్కో, ఒక్కోసారి తల్లే. వాళ్ల ముక్కులో బ్యాక్టీరియా నిలవకుండా చేసే టీకా కావాలన్నదే ఈ పరిశోధన అంతటికీ కారణం.

పోల్చడానికి ఏ టీకా అన్నదానికి జవాబు ఇక్కడే ఉంది. విదేశీ పేపర్లు చూసి చాలామంది ఏసెల్యులార్ టీకా ఒక్కటే పెడుతుంటారు. మన ప్రభుత్వ కార్యక్రమంలో పిల్లలకు పడేది హోల్ సెల్ టీకా. కాబట్టి ఆ గ్రూపు లేకుండా మన దేశంలో చేసిన ప్రయోగానికి అర్థం సగమే. రెండూ పెట్టండి. ఇంకో గ్రూపు కూడా పెట్టగలిగితే నాకు మరీ సంతోషం: హోల్ సెల్ టీకా సూదితో వేసి, కొన్ని వారాల తర్వాత మీ చుక్కలను బూస్టర్‌గా ఇచ్చిన చిట్టెలుకలు. రేపు మీ టీకా మనుషుల దాకా వెళ్తే మన దగ్గర అది పడేది ఇప్పటికే హోల్ సెల్ టీకా తీసుకున్న పిల్లల ముక్కులోనే. వీటితో పాటు ఏ టీకా లేని గ్రూపు, జబ్బు చేసి కోలుకున్న గ్రూపు తప్పనిసరి. కోలుకున్న చిట్టెలుకల ముక్కే మీకు కొలబద్ద. ఇంకా, మీ యాంటిజెన్‌నే (టీకాలో రోగనిరోధక శక్తి గుర్తుపట్టే పదార్థాన్నే) అదే మోతాదులో కండరంలోకి ఇచ్చిన గ్రూపు ఉండాలి. అది లేకపోతే ఫలితం ముక్కు దారి వల్ల వచ్చిందా, యాంటిజెన్ వల్ల వచ్చిందా అని ఎవరైనా అడిగితే మీ దగ్గర జవాబుండదు.

ఇప్పుడు చాలామంది తేలిగ్గా తీసుకునే విషయానికి వస్తాను: చుక్క సైజు.

చిట్టెలుకకు మత్తు ఇచ్చి 50 మైక్రోలీటర్లు ముక్కులో వేస్తే అందులో చాలా భాగం ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది. మత్తు లేకుండా 5, 10 మైక్రోలీటర్లు వేస్తే చాలావరకు ముక్కులోనే ఉంటుంది, కొంత మింగేస్తుంది. రెండింటినీ పేపర్లలో ఒకే పేరుతో "ముక్కు ద్వారా ఇచ్చాం" అని రాస్తారు. మొదటిది నిజానికి ఊపిరితిత్తుల టీకా. మనిషికి ముక్కులో స్ప్రే చేస్తే అది ఊపిరితిత్తుల దాకా వెళ్లదు. 50 మైక్రోలీటర్లతో వచ్చిన గొప్ప ఫలితం మనిషి దగ్గరకు వచ్చేసరికి మాయమయ్యే దారుల్లో ఇదొకటి.

మన చిత్తూరు కోళ్లఫారాల్లో కొక్కెర తెగులుకు లసోటా టీకాను కోడిపిల్ల కంట్లోనో ముక్కులోనో చుక్కగా వేయడం మీరు చూసే ఉంటారు. అదీ శ్లేష్మపొర టీకానే. అక్కడ వాళ్లు మందులో నీలం రంగు కలుపుతారు. చుక్క వేశాక పిల్ల రెప్పవాల్చి మింగే దాకా ఆగి, నోరు తెరిచి నాలుక మీద నీలం ఉందో లేదో చూస్తారు. నీలం లేకపోతే ఆ పిల్లకు టీకా పడలేదని లెక్క. నా విద్యార్థులందరితోనూ చిట్టెలుకల్లో మొదట ఇదే చేయిస్తాను. టీకా జోలికి పోకుండా, అదే పరిమాణంలో ఇవాన్స్ బ్లూ రంగు కలిపిన సెలైన్ వేసి, కాసేపటికి ప్రాణం తీసి తెరిచి చూడటం. మత్తులో వేసిన దాంట్లో ఊపిరితిత్తుల లోబ్‌లు మచ్చలు మచ్చలుగా నీలంగా ఉంటాయి. మెలకువగా ఉన్నదానిలో ముక్కు లోపలి చుట్లు నీలంగా ఉంటాయి, గొంతు వెనక ఒక చార, కడుపులో కొంచెం. ఒక్కసారి కళ్లతో చూస్తే పిపెట్ పట్టుకునే చేతికి బుద్ధి వస్తుంది. చుక్కను ముక్కు రంధ్రం అంచున ఆనించి, అది పీల్చుకునే దాకా ఆగడం, వెంటనే తల దించనివ్వకపోవడం, తుమ్మితే ఆ జంతువును నోట్ చేయడం, ఇవన్నీ అప్పుడు చెప్పకుండానే వస్తాయి.

నా సలహా: టీకాను చిన్న చుక్కగా, మత్తు లేకుండా ఇవ్వండి. బ్యాక్టీరియాను ఎక్కించేటప్పుడు మాత్రం మత్తులో పెద్ద పరిమాణం వాడొచ్చు, అప్పుడు ముక్కు, ఊపిరితిత్తులు రెండూ పరీక్షకు వస్తాయి. బ్యాక్టీరియాను తుంపరగా వదిలే ఏరోసాల్ యంత్రం ఉంటే ఇంకా మంచిది. ఎలా ఎక్కించినా మూడు గంటలకే కొన్ని చిట్టెలుకలను తీసి లెక్క చూడండి. అన్ని గ్రూపులకూ ఒకే మోతాదు చేరిందని చెప్పగలిగేది ఆ లెక్క ఒక్కటే. అది లేకుండా ఏడో రోజు తేడాను నమ్మడం కష్టం.

ముక్కులో లెక్కపెట్టడం ఊపిరితిత్తులంత సులువు కాదు. ఉత్త కడుగు నీళ్లు తీస్తే పొరకు అంటుకున్నవి రావు. కాబట్టి ముక్కు కణజాలాన్ని తీసి నూరి ప్లేట్ చేయండి, అంటే పోషక ప్లేట్ల మీద పెంచి కాలనీలు లెక్కపెట్టండి. పెర్టుసిస్ కాలనీలు కనపడటానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. ముక్కులో మామూలుగా ఉండే బ్యాక్టీరియా ఒక్క రోజులోనే ప్లేటంతా పరుచుకుంటుంది. స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే స్ట్రెయిన్ వాడి, ప్లేట్లలో ఆ మందు కలిపితే ఈ గొడవ చాలావరకు పోతుంది. మీది లైవ్ టీకా (బలహీనపరిచిన, బతికున్న బ్యాక్టీరియాతో చేసినది) అయితే ఇంకో జాగ్రత్త కావాలి. టీకా బ్యాక్టీరియా కూడా ముక్కులో కొన్ని వారాలు ఉంటుంది. దాన్నీ, ఎక్కించిన దాన్నీ వేరు చేసే గుర్తు ఒకటి ముందే పెట్టుకోవాలి.

బోర్డె, జాంగూ 1906లో తయారుచేసిన బంగాళదుంప, గ్లిజరిన్, రక్తం కలిపిన పోషక మీడియానే ఇప్పటికీ దీనికి దిక్కు. గొర్రె రక్తం తాజాగా తీసి, గాజుపూసలతో కదిపి ఫైబ్రిన్ తీసేసి వాడండి. ఆ గొర్రెకు ఈ మధ్య యాంటీబయాటిక్ ఏదీ వేయలేదని ముందే కనుక్కోండి. మంచి ప్లేట్ మీద కాలనీలు పాదరసం బొట్లలా చిన్నగా, మెరుస్తూ, చుట్టూ సన్నటి హీమోలిసిస్ (రక్తకణాలు పగిలిన) వలయంతో ఉంటాయి. వలయం లేని కాలనీలు కనిపిస్తే ఆ కల్చర్‌ను వాడకండి. ఈ బ్యాక్టీరియాకు బీవీజీ అనే స్విచ్ ఒకటి ఉంది. 25 డిగ్రీల దగ్గర పెంచినా, మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కువైనా విషాలు తయారుచేయడం ఆపేస్తుంది. పదేపదే సబ్‌కల్చర్ చేస్తే, అంటే ఒక ప్లేట్ నుంచి ఇంకో ప్లేట్‌కు మారుస్తూ పెంచితే ఏకంగా ఆ గుణమే పోగొట్టుకున్న రకాలు పైకి వస్తాయి. అలాంటి దాన్ని ఎక్కిస్తే ఏ టీకా అయినా గెలుస్తుంది. మన తిరుపతి ఎండల్లో మరో ఇబ్బంది, ప్లేట్లు ఇంక్యుబేటర్‌లో నాలుగు రోజులు ఉండేసరికి ఎండిపోయి లెక్క పడిపోతుంది. లోపల నీళ్ల ట్రే పెట్టి, ప్లేట్లు కాస్త మందంగా పోసుకోండి.

రోజుల విషయం. చిట్టెలుక ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియా వారం అటూ ఇటూగా పతాకస్థాయికి వెళ్లి, టీకా లేకపోయినా నాలుగైదు వారాల్లో తగ్గిపోతుంది. ముక్కులో అంతకంటే మొండిగా ఉంటుంది. కొన్ని ప్రయోగాల్లో ఏసెల్యులార్ టీకా పడిన చిట్టెలుకల ముక్కులో, టీకా లేని వాటికంటే ఎక్కువ కాలం నిలిచింది. కాబట్టి మూడు గంటలు, 7, 14, 28 రోజులు పెట్టుకోండి. ఇక టీకాకూ ఎక్కించడానికీ మధ్య కనీసం నాలుగు వారాలు వదలండి. ముక్కులో ఏ ఎడ్జువెంట్ (టీకా బలం పెంచడానికి కలిపే పదార్థం) వేసినా కొన్నాళ్లు అక్కడి సహజ రక్షణ రెచ్చిపోయి ఉంటుంది. ఆ సమయంలో ఎక్కిస్తే ఏ బ్యాక్టీరియా అయినా తగ్గుతుంది, అది టీకా జ్ఞాపకం కాదు. ఎడ్జువెంట్ మాత్రమే ఇచ్చిన గ్రూపు కూడా కావాలనేది ఇందుకే.

రోగనిరోధక కొలతల్లో రక్తంలో ఐజీజీ అనే యాంటీబాడీ ఒక్కటే చూసి ఆగకండి. ముక్కు కడుగు నీళ్లలో స్రవించే ఐజీఏ అనే యాంటీబాడీ, కణజాలంలో ఐఎల్-17 అనే సంకేత ప్రొటీన్ స్రవించే టీ కణాలు, వాటిలో అక్కడే స్థిరపడి ఉండేవి ఎన్ని, ఇవి కావాలి. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో కింగ్‌స్టన్ మిల్స్ బృందం ఈ స్థిరపడిన టీ కణాల మీద చాలా పని చేసింది. కణజాలంలోవి ఏవి, రక్తనాళాల్లో తిరిగేవి ఏవి అని తేల్చడానికి ప్రాణం తీసే ముందు కొద్ది నిమిషాలకు తోక సిరలోకి రంగు తగిలించిన యాంటీబాడీ ఇస్తారు. రంగు అంటినవి రక్తంలోవి, అంటనివి కణజాలంలోవి. ఈ మెట్టు వదిలేస్తే ఊపిరితిత్తుల లెక్కలో రక్తకణాలే ఎక్కువ పడతాయి. చిట్టెలుక రకం కూడా రాయండి. రోగనిరోధక స్పందనలో బాల్బ్-సీ రకం ఒకవైపు, సీ57 రకం ఇంకోవైపు మొగ్గుతాయి. వీలైతే ముఖ్యమైన ఫలితాన్ని రెండింటిలోనూ చూడండి.

కెండ్రిక్ పరీక్ష చేయమని ఎవరైనా అంటే వద్దనండి. చిట్టెలుక మెదడులోకి బ్యాక్టీరియాను ఎక్కించే ఆ పరీక్ష 1940ల నుంచీ హోల్ సెల్ టీకా బ్యాచ్‌ల బలం చూడటానికి వాడుతున్నది. ముక్కులో ఏం జరుగుతుందో అది చెప్పలేదు.

చిట్టెలుక చెప్పలేనివి రెండు. ఒకటి దగ్గు. చిట్టెలుక మామూలుగా మనిషిలా కోరింత దగ్గు దగ్గదు. దగ్గు మీద మాట్లాడాలంటే పెద్ద ఎలుకలు, అంటే ల్యాబ్ ర్యాట్లు కావాలి. అవి దగ్గుతాయి, శ్వాసను కొలిచే పెట్టెలో ఉంచి దగ్గులు లెక్కపెట్టొచ్చు. రెండోది ఒకదాని నుంచి ఒకదానికి అంటడం. పెర్టుసిస్ మనిషిని పట్టి బతికే బ్యాక్టీరియా, చిట్టెలుకల మధ్య సరిగ్గా వ్యాపించదు. బ్రాంకిసెప్టికా అయితే చిట్టెలుకకు సహజంగా వచ్చేదే, కాబట్టి వ్యాప్తి గురించి కొన్ని ప్రశ్నలు దానితో అడగొచ్చు. కుక్కల్లో దానికి ముక్కు టీకా దశాబ్దాలుగా వాడుకలో ఉంది. కెన్నెల్‌కు పంపే ముందు చుక్కలు వేస్తే మూడు నాలుగు రోజుల్లోనే రక్షణ మొదలవుతుంది. ముక్కు దారి పనిచేస్తుందన్న నా నమ్మకం పేపర్ల కంటే ఆ కుక్కల నుంచే వచ్చింది. అయినా ఒక జాతి బ్యాక్టీరియా ఫలితాన్ని ఇంకోదానికి అంటగట్టకండి.

బబూన్ లేకపోతే విలువ లేదా అన్న మీ బెంగకు బీపీజెడ్ఈ1 అనే ముక్కు టీకా కథే జవాబు. ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో కామీ లోష్ట్, నటలీ మీల్‌కారెక్ బృందం ఒక లైవ్ టీకా తయారుచేసింది. పెర్టుసిస్ విషాన్ని జన్యుమార్పుతో నిర్వీర్యం చేశారు, చర్మాన్ని కుళ్లబెట్టే విషం జన్యువు తీసేశారు, శ్వాసనాళ కణాలను చంపే పదార్థం బయటికి రాకుండా చేశారు. ఒక్క ముక్కు డోసుతో పసి చిట్టెలుకల్లో కూడా రక్షణ వచ్చిందని 2006లో ప్రచురించారు. స్వీడన్‌లో మనుషుల్లో చేసిన తొలి పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. బబూన్ల ఫలితాలు 2017లో వచ్చాయి. అమెరికాలో రెండో దశ ఫలితాలు 2023లో లాన్సెట్‌లో వచ్చాయి, ముక్కులో ఐజీఏ పెరగడం అందులో స్పష్టంగా ఉంది. చిట్టెలుకల పని గట్టిగా ఉంటే అది దాని విలువతో నిలుస్తుంది.

భద్రత గురించి ఒక హెచ్చరిక. మీ ఎడ్జువెంట్ కలరా విషం గానీ, ఈ-కోలై ఎల్‌టీ విషం గానీ అయితే మళ్లీ ఆలోచించండి. స్విట్జర్లాండ్‌లో 2000-2001 సీజన్‌లో ఎల్‌టీ కలిపిన ముక్కు ఫ్లూ టీకా వాడితే కొందరికి ముఖ పక్షవాతం వచ్చి, దాన్ని వాడుక నుంచి తీసేయాల్సి వచ్చింది. ముక్కు పైభాగంలో వాసన నరాలు మెదడుకు నేరుగా దారి. చిట్టెలుకకు ముక్కులో వాసన పొర వాటా మనకంటే చాలా ఎక్కువ. కాబట్టి ఘ్రాణ బల్బ్ (మెదడులో వాసనను అందుకునే భాగం) హిస్టాలజీ, అంటే కణజాల పరీక్ష, తప్పకుండా చేయించండి. హైదరాబాద్‌లో తయారైన ఇన్‌కోవాక్ కోవిడ్ చుక్కలకు 2022లో అనుమతి వచ్చింది. కానీ దాని వాహకం (యాంటిజెన్‌ను మోసుకెళ్లేది) వేరు, మీ ఫార్ములేషన్ వేరు. ఆ అనుమతిని మీ భద్రతకు సాక్ష్యంగా రాయకండి.

చివరగా కాగితాల పని. జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీకి ఫారం బి (అనుమతి దరఖాస్తు) రాసేటప్పుడు గ్రూపులు, రోజులు గుణించేసరికి జంతువుల సంఖ్య పెరిగి వాళ్లు తగ్గించమంటారు. అప్పుడు గ్రూపులో జంతువుల సంఖ్య కోయకండి, మధ్యలో రోజులు కోయండి. మూడు గంటలు, 7, 28 ఉంచుకుంటే కథ నిలబడుతుంది. ఒకే గ్రూపును ఒకే బోనులో పెట్టకుండా రెండు మూడు బోన్లలో సర్దండి. ప్లేట్లు లెక్కపెట్టే మనిషికి గ్రూపు తెలియకుండా నంబర్లు వేయండి. లైవ్ టీకా జన్యుమార్పిడి చేసినదైతే బయోసేఫ్టీ కమిటీ అనుమతి కూడా ముందే తీసుకోండి, దానికి నెలలు పట్టొచ్చు. ఇంకా ప్రయోగాన్ని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోకండి. యానిమల్ హౌస్ ఏసీ ఒక్క రాత్రి ఆగినా చిట్టెలుకలు తిండి మానేస్తాయి, ఆ వారం బరువుల లెక్క, రోగనిరోధక లెక్క రెండూ పాడవుతాయి. ఆగస్టు తర్వాత మొదలుపెడితే 28వ రోజు దాకా ప్రశాంతంగా చేసుకోవచ్చు. ప్రోటోకాల్ డ్రాఫ్ట్ అయ్యాక ఇక్కడే పెట్టండి అమ్మా, ముక్కు కణజాలం తీసే భాగం చూసి చెప్తాను.